తొమ్మిది కుచ్చిళ్ళు తీసేసిన కిల్టు

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు నూకరత్నం గారు కిల్టు నడుముపట్టీ మీద కత్తెర ఆనించి, "సింగ్, చూస్తే చూడు, చూడలేకపోతే అటు తిరుగు" అన్నారు.

బ్యాండు మేస్టరు సింగ్ గారికి డెబ్బై దాటాయి. ఆరడుగుల మనిషి. తలపాగా మీద ఒక్క ముడత ఉండదు. ఆయన అటు తిరిగి, పన్నెండో అంతస్తు కిటికీలోంచి కింద ఏదో చాలా ముఖ్యమైనది జరుగుతున్నట్టు చూస్తూ నిలబడ్డారు. కత్తెర మొదటి నొక్కుకి కదల్లేదు. ఉన్ని గుడ్డ దళసరి, పైగా పాతది. ఆవిడ కుర్చీలోంచి లేచి రెండు చేతులూ వేసి నొక్కారు. కొంచెం కొంచెంగా గజమున్నర గుడ్డ విడిపోయి గచ్చు మీద పడింది.

"అయిందా?" సింగ్ గారు ఇటు తిరక్కుండానే అడిగారు.

"అయింది. ఇక దీన్ని అప్పలరాజు తప్ప ఎవడూ కట్టలేడు."

వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది మలయ్, ఇంగ్లీషు కలిపిన భాష. సగం నాకు అర్థమయ్యేది, మిగతా సగం నూకరత్నం గారు తెలుగులో చెప్పేవారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా పత్రికలో పనిచేసి, రిటైరయ్యాక తోటలూ ఎత్తయిన భవనాలూ చూద్దామని సింగపూర్ వెళ్ళినవాణ్ణి. ఐదు రోజులున్నాను. తోటలు చూడలేదు. స్కాట్లండ్ సిపాయిలు కట్టే గళ్ళ గౌను ఒకదాని వెంట తిరిగాను. అందుకు విచారం లేదు.

సెరంగూన్: ఒక టిష్యూ ప్యాకెట్టు

బుధవారం ఉదయం సెరంగూన్‌లో నా బసకు దగ్గరగా ఉన్న హాకర్ సెంటరుకి వెళ్ళాను. ఒకే కప్పు కింద ముప్పై నలభై చిన్న తిండి దుకాణాలు, మధ్యలో గచ్చుకి బిగించిన బల్లలు. పరోటాని ఇక్కడ ప్రాటా అంటారు. ఒకటి డాలరున్నర, అంటే మన వంద రూపాయలకు కొంచెం అటూ ఇటూ. దాంతో ఇచ్చే చేపల కూర పల్చగా ఉన్నా చింతపండు పులుపు గట్టిగా తగిలింది. ఖాళీ బల్ల ఒకటి కనిపించింది. దాని మీద ఎవరో మర్చిపోయిన టిష్యూ ప్యాకెట్టు ఉంది. కూర్చున్నాను. తిన్నాక అందులోంచి రెండు కాగితాలు లాగి చేతులు తుడుచుకుని, "అమ్మయ్య" అన్నాను.

"ఏం అమ్మయ్య? నా బల్ల మీద కూచుని, నా టిష్యూతో తుడుచుకుని, అమ్మయ్యా?"

తెలుగే. తల ఎత్తితే పూల నైలాన్ చీర, తెల్లని పొట్టి జుట్టు, ఒక చేతిలో కాఫీ గ్లాసు, ఇంకో చేతిలో పెద్ద గుడ్డ సంచి. పేరు నూకరత్నం అనీ, డెబ్బై నాలుగేళ్ళనీ తరవాత తెలిసింది.

"ఎవరో మర్చిపోయారనుకున్నానండీ."

"మర్చిపోడమా! చోప్ చేసుకుని పోయాను. ఇక్కడ టిష్యూ పెడితే సీటు పట్టినట్టు. ఊరికి కొత్తా, తమ్ముడూ?"

మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు పట్టడం నాకు తెలిసిన విద్యే. తేడా ఏమిటంటే మన రుమాలు కోసం గొడవ అవుతుంది, ఇక్కడ టిష్యూ దగ్గర ఎవరూ గొడవ పడరు, నాలాంటివాడు వస్తే తప్ప. నేను లేవబోతే ఆవిడ సంచితో భుజం మీద నొక్కి కూర్చోబెట్టారు.

"ఉక్కారు, ఉక్కారు. కొత్త తెలుగు మొహం చూసి నాలుగు నెలలైంది. మకాన్, అదే తిండి, అయిపోయిందిగా, కాఫీ తాగు."

ఆవిడ తాతగారు భీమిలి దగ్గరి పల్లె నుంచి రబ్బరు తోటల పనికి వచ్చారు. తండ్రి ఇక్కడే పుట్టి, బ్రిటిష్ వాళ్ళ బ్యారక్సులో దర్జీ అయ్యారు. ఆ బ్యారక్సుకి స్కాట్లండ్ పటాలాలు వచ్చి పోతుండేవి. వాళ్ళ కిల్టులు చిరిగితే కుట్టడం, బొజ్జలు పెరిగితే వదులు చేయడం ఆయన పని. సిపాయిలు వెళ్ళిపోయారు, విద్య కూతురికి వచ్చింది. ఊళ్ళో ఉన్న ఒక బ్యాగ్‌పైప్ బ్యాండుకి ముప్పై ఏళ్ళుగా కిల్టులు ఈవిడే చూస్తున్నారు. వాయించేవాళ్ళంతా వారాంతాల్లో సరదాకి కలిసేవాళ్ళే: చైనీయులు, మలయ్‌లు, పంజాబీలు, ఇద్దరు తమిళులు.

సంచిలో ముదురు ఆకుపచ్చ గుడ్డ కనిపిస్తే దుప్పటా అని అడిగాను.

"దుప్పటి కాదు. ఆదివారం కవాతుకి ఒకడికి కావాల్సిన బట్ట. ఆ ఒకడు తెలుగోడు. రేపు మా ఇంటికి రా, చూపిస్తాను."

గడి మడత, గీత మడత

గురువారం పొద్దున్న ఆవిడ ఫ్లాట్‌లో కిల్టుని బల్ల మీద పరిచి చూశాను. ఎనిమిది గజాల గుడ్డ. మన చీర కన్నా రెండు గజాలు ఎక్కువ, బరువు నాలుగైదు చీరలంత. ముందు భాగం చదునుగా ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు పొరలు. కుచ్చిళ్ళన్నీ వెనక. ముప్పై ఆరు ఉన్నాయి. నడుము నుంచి పిరుదుల దాకా కుట్టేసి ఉంటాయి, కింద వదిలేస్తారు. నడిచినప్పుడు ఊగేది ఆ వదిలేసిన భాగం.

గుడ్డ మీద ఆకుపచ్చ, నీలం గళ్ళు. ప్రతి ఆరంగుళాలకీ ఒక సన్నని పసుపు గీత.

"దీన్ని రెండు రకాలుగా మడవొచ్చు" అని నూకరత్నం గారు ఒక పాత ముక్క తీసుకుని వేళ్ళతో చేసి చూపించారు. "మామూలు మనుషులు పెళ్ళికీ విందుకీ కట్టేది గడి మడత. ఒక్కో కుచ్చిలో గడిలో ఒక్కో భాగం కనపడేట్టు మడిచి పోతే, అన్నీ పక్కపక్కన చేరి మళ్ళీ గడే అవుతుంది. ముందు ఎలా ఉందో వెనకా అలానే. కుచ్చి ఉన్నట్టే తెలీదు."

తరవాత అదే ముక్కను విప్పి మళ్ళీ మడిచారు. ఈసారి ప్రతి కుచ్చిలో పసుపు గీతే పైకి వచ్చింది. గీత పక్కన గీత, గీత పక్కన గీత.

"ఇది పటాలం మడత. ఎన్ని కుచ్చిళ్ళున్నా అన్నిట్లో ఒకటే గీత. ముందు నుంచి చూస్తే ఒక బట్ట, వెనక నుంచి చూస్తే వేరే బట్ట. నిలబడితే పసుపు చారలే కనపడతాయి. నడిస్తే లోపల దాక్కున్న ఆకుపచ్చ తెరుచుకుని మూసుకుంటుంది. అన్ని కాళ్ళూ ఒకేసారి పడితే అన్ని వీపుల కిందా ఒకేసారి తెరుచుకోవాలి. ఒకడిది తేడాగా ఉంటే వరుస మొత్తం పాడు."

పటాలాన్ని బట్టి గీత మారుతుందట. ఒకరు పసుపు పట్టుకుంటారు, ఇంకొకరు తెలుపు, వేరొకరు ఎరుపు. కొన్ని పటాలాలు కుచ్చిని ఒకే పక్కకు పడుకోబెట్టకుండా రెండు వైపులా మడిచి పెట్టెలా నిలబెడతాయి. అవి కుట్టాలంటే చెయ్యి నొప్పి, ఇస్త్రీ చెయ్యాలంటే నడుం నొప్పి అని వాళ్ళ నాన్న తిట్టుకునేవారట.

ఈ కిల్టు ఇదివరకు ఒక లావుపాటి డ్రమ్ము వాద్యగాడిది. ఆయన బ్యాండు మానేసి నాలుగేళ్ళు. అప్పటి నుంచి బీరువాలో ఉంది. ఇప్పుడిది ఆవిడ చెప్పిన ఆ తెలుగోడికి, అప్పలరాజుకి రావాలి. ఈ నేత నేసే మిల్లు ఆ రంగు ఆపేసింది కాబట్టి కొత్తది కుట్టే వీలు లేదు. కిల్టు లేనివాణ్ణి సింగ్ గారు కవాతు వరుసలోకి రానివ్వరు. అప్పలరాజు ఏడాదిగా ప్యాంటుతోనే సాధన చేస్తున్నాడు.

"ఈ ఆదివారం కాకపోతే వచ్చేది కాదా?" అన్నాను.

"వాడి వర్క్ పర్మిట్ మరో రెండు నెలలే ఉంది. కంపెనీ పొడిగిస్తుందో పంపేస్తుందో తెలీదు. మళ్ళీ కవాతు ఏప్రిల్‌లో. అప్పటికి వాడు ఇక్కడుంటాడో లేదో!"

తువాస్: కొలతలు

అప్పలరాజు పనిదినాల్లో రాలేడు కాబట్టి సాయంత్రం మేమే తువాస్ వెళ్ళాం. ద్వీపానికి పడమటి చివర. రైలు దిగి బస్సెక్కి వెళుతుంటే ఇళ్ళు అయిపోయి క్రేన్లు మొదలయ్యాయి. ఆరు దాటాక లారీలు ఒకదాని వెనక ఒకటి కార్మికుల్ని వసతి గృహాల ముందు దించుతున్నాయి. ఒక లారీలోంచి నీలం చొక్కా, ముప్పై ఏళ్ళ సన్నని మనిషి గెంతి మా వైపు పరిగెత్తాడు. ఓడలకు రంగులు వేసే పని. చేతి గోళ్ళ చుట్టూ ఎర్రరంగు ఇంకా ఉంది.

"ఆంటీ, ఇంత దూరం మీరెందుకండీ! నాను వొద్దును కదా ఆదివారం!"

"ఆదివారం వచ్చి కొలతలిస్తే సోమవారం కట్టుకుంటావా? చేతులెత్తు."

నడుము ఇరవై తొమ్మిది అంగుళాలు. కిల్టు నడుము నలభై. ఆవిడ టేపుని రెండుసార్లు చూసుకున్నారు.

అప్పలరాజుది సోంపేట పక్క. అక్కడ పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో సైడ్‌డ్రమ్ము వాయించేవాడు. ఇక్కడికొచ్చాక ఆదివారాలు గురుద్వారాలో ఉచిత భోజనానికి వెళ్ళేవాడు. ఒక రోజు పప్పు వడ్డించేలోగా రెండు స్పూన్లతో స్టీలు పళ్ళెం మీద మేళం దరువు వేస్తుంటే వెనక ఎవరో వచ్చి నిలబడ్డారట.

"తిడతారనుకున్నానండి. గుళ్ళో సప్పుడేటని. తల తిప్పితే సింగ్ గోరు. మళ్ళీ వాయించు అన్నారు. పప్పు సల్లారిపోనాది గానీ నాను వాయించీసినాను."

ఒకసారి కట్టి చూస్తానని కిల్టు తీసుకుని గోడచాటుకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి భోజనాల వరుసలో నిలబడ్డ వాళ్ళంతా ఈలలు వేశారు. "ఒరే, అప్పలరాజు లంగా కట్టీసినాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. కుచ్చిళ్ళన్నీ ముందుకు పెట్టి, నడుం దగ్గర గుప్పెట్లో పట్టుకుని, పొట్ట మీద చక్కగా సర్దుకుంటూ వస్తున్నాడు.

"వెనక్కి తిప్పరా!" అన్నారు ఆంటీ.

"కుచ్చిళ్ళు ముందుకే కదండీ రావాల? మా తాత పంచె కట్టినా ముందుకే, మా అమ్మ సీర కట్టినా ముందుకే."

నిజం చెప్పాలంటే నేనూ అలాగే కట్టుకునేవాణ్ణి. మన దగ్గర బట్ట అందమంతా ఎదుటివాడికి చూపించడానికి. సిపాయి అందం వెనక వరుసలో వచ్చేవాడికి. అప్పలరాజు కిల్టు తిప్పుకుని, మెడ వెనక్కి తిప్పి చూసుకోబోయి, కనపడక నవ్వాడు.

"నాకు కనపడదు గదండీ ఇది."

"నీకెందుకు? సింగ్‌కి కనపడాలి."

రాఫెల్స్ ప్లేస్, మళ్ళీ సెరంగూన్

శుక్రవారం ఉదయం ఆవిడ లోపలి అస్తరు విప్పి చూసి, "అలామక్!" అని నుదురు కొట్టుకున్నారు. ఆ ఊళ్ళో కొంప మునిగిందనడానికి ఆ మాట.

ఆవిడ అనుకున్నది కుచ్చిళ్ళన్నీ విప్పి, ఒక్కోదాన్ని కొంచెం లోతుగా మడిచి నడుము తగ్గించడం. కానీ కుచ్చిళ్ళ లోపల నడుము దగ్గర ఉండాల్సిన గుడ్డ లేదు. పాత యజమాని ఉక్కపోతకి తట్టుకోలేక ఎవరో దర్జీతో ఆ పొరలు కోయించేసుకున్నాడు. ఇప్పుడు మడత ఒక అంగుళం జరిపినా చిల్లు బయటికొస్తుంది.

మిగతా బ్యాండువాళ్ళవీ ఇలాగే కోసి ఉన్నాయేమో, ఉంటే వాటిని ఎలా సర్దారో చూడాలని నన్ను రాఫెల్స్ ప్లేస్ పంపారు. పైపు వాయించే లిమ్ అనే యువకుడు అక్కడ ఒక ఆఫీసులో పనిచేస్తాడు, కిల్టు డ్రై క్లీనింగ్‌కి ఇవ్వడానికి ఆఫీసుకే తెచ్చుకున్నాడు. మధ్యాహ్న భోజనానికి దిగిన బ్యాంకు ఉద్యోగుల మధ్య ఒక చప్టా మీద కూర్చుని మేమిద్దరం కిల్టు లోపలి వైపు తడిమి చూశాం. కోయలేదు. నిండుగా ఉంది. మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒకావిడ ఆగి, మమ్మల్ని చూసి, అడుగు వేగం పెంచి వెళ్ళిపోయింది.

"అంకుల్, నొక్కొద్దు లా! లైను పోతుంది" అన్నాడు లిమ్, ఆ ఊరి 'లా' తగిలించిన ఇంగ్లీషులో.

నేను తిరిగి వచ్చేసరికి సింగ్ గారు ఫ్లాట్‌లో ఉన్నారు. నూకరత్నం గారు చెప్పిన మార్గం ఒక్కటే. కిల్టు గుడ్డ ఎప్పుడూ రెండు ముక్కలు కలిపి కుడతారు, ఆ అతుకు వెనక ఒక కుచ్చి లోపల దాగి ఉంటుంది. ఆ అతుకు విప్పి, దాని పక్కనున్న తొమ్మిది కుచ్చిళ్ళు నిలువునా కోసి తీసేసి, మిగిలిన రెండు అంచులూ కలపాలి. ముందు పొరల్ని పక్కల నుంచి లోపలికి మడవాలి. గుడ్డ పాతది. ఒకసారి అతుకు పడుతుంది, రెండోసారి పట్టదు. ఆ తొమ్మిదీ మళ్ళీ చేర్చడం కుదరదు.

"అతను వెళ్ళిపోతే?" అన్నారు సింగ్ గారు. "నా బ్యాండులో ఇరవై తొమ్మిది నడుము ఎవరికుంది? రెండు నెలలుండే మనిషి కోసం ఇక దొరకని బట్ట కోయమంటావా?"

"నాలుగేళ్ళు బీరువాలో పెట్టుకున్నావు. లావోడు వచ్చాడా?"

"రావచ్చు."

"వస్తే వాడికి మూడు పూటలు తిండి మానిపించు. ఏడాది నుంచి ప్రతి ఆదివారం తువాస్ నుంచి వస్తున్నాడు వాడు. వాయించడం చాలు, కనపడ్డం వద్దంటావా?"

సింగ్ గారు గడ్డం దువ్వుకున్నారు. అప్పుడే ఆవిడ కత్తెర తీశారు.

శనివారం: నా నాలుగు కుచ్చిళ్ళు

అతుక్కి అటు రెండు, ఇటు రెండు కుచ్చిళ్ళు విప్పాల్సి వచ్చింది. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసేసరికి పాత మడత గుర్తులు పోయాయి. ఆవిడ నడుముపట్టీ కుడుతుంటే, ఆ నాలుగూ మడిచి పొడుగు కుట్లు వేస్తానని నేను ముందుకొచ్చాను. వారం వారం గంజి పంచెకి నా కుచ్చిళ్ళు నేనే పెట్టుకుంటాను, నలుగురూ బాగుందంటారు. బొటనవేలు వెడల్పు కొలత పెట్టుకుని నాలుగూ సమానంగా మడిచాను. నాకైతే ముచ్చటేసింది.

సగం పూట సెలవు అడిగి మూడింటికి అప్పలరాజు వచ్చాడు. కట్టుకుని ఫ్లాట్ల ముందున్న పొడుగు వరండాలో ఆ చివరికి నడిచాడు. సింగ్ గారు ఐదడుగుల వెనక నడిచారు. సగం దూరంలో ఆగారు.

"మనిషి నిలబడ్డా గీత నడుస్తోంది" అన్నారు.

నూకరత్నం గారు వెళ్ళి వంగి చూశారు. నావి నాలుగూ వెడల్పులో సమానమే. కానీ పసుపు గీత మొదటిదాంట్లో మధ్యలో ఉంది, రెండోదాంట్లో అంచున, మూడోదాంట్లో లేదు, నాలుగోదాంట్లో రెండో అంచుకి వచ్చింది.

"తమ్ముడూ, వెడల్పు ఎవడడిగాడు? గీతని పట్టుకోమన్నాను గదా! నీది పంచె కట్టే చెయ్యి."

"ముందు నుంచి సూత్తే బాగానే ఉంటాది కదండీ" అని అప్పలరాజు నా తరఫున అన్నాడు.

నాలుగూ విప్పారు. ఈసారి నేను గుండుసూదులు అందించాను, ఆవిడ మడిచారు. ప్రతి మడతలోనూ ముందు గీతని వేలితో పట్టుకుని, అది శిఖరం మీదికి వచ్చాక గానీ గుడ్డ వదల్లేదు. వెడల్పు ఎంత వచ్చిందో ఒక్కసారీ చూడలేదు. ఒకే ఒక్క చోట, అతుకున్న కుచ్చిలో, గుడ్డ అరంగుళం తక్కువైంది. గీత మధ్యకు రావాలంటే కుచ్చి కొంచెం బిగువుగా ఉండాలి. ఆవిడ బిగువే ఎంచుకున్నారు.

ఆదివారం

కవాతు ఒక పెద్ద పార్కులో, సాయంత్రం ఐదింటికి. నాలుగున్నరకి వాన వచ్చి ఆగింది. తడిసిన ఉన్ని వాసన గొర్రెల మందలో నిలబడ్డట్టుంది. బ్యాండు పద్నాలుగు మంది. అప్పలరాజు చివరి వరుసలో, కుడివైపు చివర. తెల్ల మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుని, డ్రమ్ము తగిలించుకుని, గోళ్ళ చుట్టూ రంగుని ఇంకోసారి జేబురుమాలుతో రుద్దుకుంటున్నాడు.

జనమంతా ముందు వైపు ఫోనులు పట్టుకుని నిలబడ్డారు. నూకరత్నం గారు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కెళ్ళారు. బయలుదేరే చోట, తాడు అవతల, మేమిద్దరమే.

సింగ్ గారు వరుసల వెనక నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చారు. ముఖాలు చూడటం లేదు. ఒక్కో వీపు కింద ఒక్క క్షణం ఆగి పోతున్నారు. అప్పలరాజు వెనక రెండు క్షణాలు ఆగారు. చేతిలోని బెత్తం చివరతో ఆ బిగువు కుచ్చిని తాకారు. నూకరత్నం గారి వేళ్ళు నా మణికట్టుని గట్టిగా పట్టుకున్నాయి. ఆయన బెత్తం తీసి, ముందుకెళ్ళి, తన చోట నిలబడ్డారు.

డ్రమ్ము మొదలైంది. పద్నాలుగు ఎడమ కాళ్ళు ఒకేసారి లేచాయి. పసుపు చారలు విడిపోయి లోపలి ఆకుపచ్చ కనపడింది, మూసుకుంది, మళ్ళీ కనపడింది. చివరి వరుసలో కుడి చివర కూడా అందరితో పాటే కనపడింది, అందరితో పాటే మూసుకుంది. నేను ఆ ఒక్క కుచ్చినే పట్టి చూస్తున్నాను. ఎక్కడుందో తెలిసినవాణ్ణి నేను, అయినా పదడుగులు పోయాక దాన్ని మిగతావాటి నుంచి వేరు చేయలేకపోయాను.

"బాగుందండీ" అన్నాను.

"మెల్లిగా. ఇంకా మలుపు ఉంది" అన్నారు ఆవిడ. మలుపు దగ్గర బ్యాండంతా కుడివైపు తిరిగింది. ఆవిడ నా మణికట్టు వదిలేశారు.

అయ్యాక అప్పలరాజు చెమటతో, నవ్వుతో వచ్చి, "ఎలగుందండీ ఎనక?" అని అడిగాడు. సింగ్ గారు ఏమన్నారని నేనడిగితే, "ఏటీ అన్లేదండి. ఏప్రిల్ పాటల కాయితం సేతిలో ఎట్టి ఎల్లిపోనారు" అన్నాడు.

నేను సోమవారం బయలుదేరి వచ్చేశాను. ఆ తరవాత నూకరత్నం గారు రెండుసార్లు ఫోన్ చేశారు. కిల్టు ఆవిడ దగ్గరే ఉంది, నడుముపట్టీ లోపల అప్పలరాజు పేరు కుట్టారు. ఇది రాస్తున్న నాటికి అతని పర్మిట్ గడువు ఇరవై రెండు రోజులుంది. కంపెనీ పొడిగిస్తామనీ చెప్పలేదు, పొమ్మనీ చెప్పలేదు.